కాంపౌండరు పేరు కొట్టేసిన రోజు

ముప్పైనాలుగేళ్ళ సర్వీసు కాంపౌండరు బాబాయిది. పదకొండు పాముకాట్లు, మూడు కవల కాన్పులు, లెక్కకు అందనన్ని కుట్లు. ఒక్క సూది వికటించింది లేదు. ఆయన కట్టు కట్టని మోకాలు ఆ చిన్న ఆసుపత్రి చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో ఉందంటే నేనొప్పుకోను.

అలాంటివాడిని కొత్త పద్ధతి ఇరుకున పెట్టింది. ప్రతి కుటుంబమూ ఒక డాక్టరును ఎంచుకుని సంతకం పెట్టాలట. జలుబు నుంచి గుండెజబ్బు దాకా ముందు ఆ డాక్టరే చూడాలట. మూడువందల కుటుంబాలు చేరితేనే ఆసుపత్రి ఉంటుంది, లేకపోతే తాళం. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు పంచింది బాబాయే. తీరా చూస్తే ‘మీ డాక్టరు’ అన్న గడిలో సగంమంది రాసింది బాబాయి పేరు!

"నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు బాబాయిగారూ. ఇవి చెల్లవు. శుక్రవారంలోగా మార్పించాలి" అంది ఆసుపత్రి డాక్టరమ్మ.

తన పేరు తనే కొట్టించుకోవడానికి బాబాయి మళ్ళీ గడపగడపా ఎక్కాడు. గురువారం సాయంత్రానికి రెండువందల తొంభైతొమ్మిది అయ్యాయి. మిగిలింది టైలరమ్మ. భర్త పోయి రెండేళ్ళు, ఒక చిన్న పాప.

"మేమంత చేదయ్యామా బాబాయ్? నేను మార్చను" అంది మిషను ఆపకుండానే.

"డాక్టరమ్మ పెద్ద చదువు చదివిందమ్మా."

"చదువు మా ఇంటికి ఎప్పుడైనా పరిగెత్తుకొచ్చిందా? మా ఆయన గుండెపట్టుకున్న రోజు చెప్పుల్లేకుండా వచ్చింది నువ్వు. చేయాల్సిందంతా చేశావు."

బాబాయి చేతిలోని ఫారం చూసుకున్నాడు. ఊరుకుంటే ఆసుపత్రికి తాళం. నోరు విప్పితే ముప్పైనాలుగేళ్ళ పేరు గంగపాలు.

"చెయ్యలేదమ్మా" అన్నాడు నేల చూస్తూ. "గ్యాసన్నాను. మాత్ర ఇచ్చి పడుకోమన్నాను. డాక్టరమ్మ చూసుంటే పెద్దాసుపత్రికి పంపేది. రెండేళ్ళుగా నాకు తెలుసు, నీకు చెప్పలేదు."

మిషను ఆగింది. ఆమె ఫారం లాక్కుని, కాగితం చిరిగేలా ఆయన పేరు కొట్టేసి, పక్కన డాక్టరమ్మ పేరు రాసింది. "ఇంక వెళ్ళండి" అంది. ఎన్నడూ లేనిది, మీరు అంది.

ఆసుపత్రి నిలిచింది. అది బాబాయి నిలబెట్టిందే, ఎవరేమన్నా నేను రాస్తాను. సోమవారం టైలరమ్మ పాపకు జ్వరమని వచ్చింది. చీటీ రాసే బల్ల దగ్గర బాబాయే కూర్చున్నాడు. ఆమె గోడవైపు చూస్తూ, పరాయివాళ్ళకు చెప్పినట్టు, పాప పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు.