రౌషాన్ పోసే టీ

మా కరగండ నగరంలో చలికి ఇళ్లు వెచ్చగా ఉండేలా వేడినీళ్లు పంపే కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునేది రౌషాన్. తెర మీద అంకెలు ఏం చెప్పినా, వెళ్లి యంత్రం మీద అరచెయ్యి వేస్తే తప్ప నమ్మదు. ఎవరొచ్చినా గిన్నెలో సగానికే టీ పోస్తుంది. టీ గిన్నెల్లోనే తాగే మా వైపు, సగం పోస్తే మర్యాద, నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం.

ఆ రోజు బయట మైనస్ ముప్పై అయిదు. అన్ని యంత్రాలనూ చూపించే తెరకు కొత్త ఇంజనీరు ఎర్బోల్ కలిపిన ఏఐ అడిగింది: "పేరులేని ప్రోగ్రాం ఒకటి మెమరీ అంతా తినేస్తోంది. ఆపమంటారా?" "ఆపేద్దాం అక్కా," అంటూ ఎర్బోల్ మీట మీదకు వేలు పోనిచ్చాడు. రౌషాన్ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆగరా! పంపులన్నీ దాంతోనే నడుస్తున్నాయి. పన్నెండేళ్ల కిందట నేనే రాశాను." "మరి ఎక్కడా రాసిపెట్టలేదేం?" "రాసిపెడితే నన్ను ఉంచుకునేవాళ్లా?" తను లేని రోజు ఎవరైనా దాన్ని ఆపేస్తే ఊరు గడ్డకడుతుందనుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఆ ప్రోగ్రాం సంగతంతా ఏఐకి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ తర్వాత తన గిన్నెలో తానే అంచుదాకా టీ పోసుకుంది.