విల్ఫ్ తిట్టిన టోపీలు

అందరికీ కనిపిస్తున్నదాన్నే అందరికీ గొంతు చించుకుని చెప్పడం విల్ఫ్ హార్డకర్‌కున్న ఒకే ఒక్క జబ్బు. తక్కిన విషయాల్లో అతను ఇంగ్లండులో మా హాలిఫాక్స్ ఊళ్ళోని ఏ రిటైరైన బస్సు డ్రైవరు కన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆ జబ్బు బయటపడే చోటు బ్రెండా లాండ్రీ. చిల్లర వేస్తే మెషిన్ తిరిగే రకం లాండ్రీ అది. బట్టలు తిరుగుతున్నంతసేపూ కూర్చోవడానికి కుర్చీలు, చూడటానికి గోడకి టీవీ. నేను మాసిన బట్టలతో పాటు ఓ పుస్తకం తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక్క పుస్తకమూ పూర్తి చెయ్యలేకపోయాను. విల్ఫ్‌కి ఇంట్లో మంచి మెషిన్ ఉంది. అయినా పొద్దున్నే ఒక్క తువ్వాలు చంకన పెట్టుకుని దిగేవాడు. అంత శుభ్రమైన తువ్వాలు రాజమందిరంలో కూడా ఉండి ఉండదు.

పొద్దుటి వార్తల్లో మంత్రిగారి ఇంటర్వ్యూ మొదలయ్యేది. దానితో పాటే విల్ఫ్ మొదలయ్యేవాడు.

"చూడు, చూడు! అడిగినదానికి జవాబు చెప్పకుండా మెడ గోక్కుంటున్నాడు. ఎడం చేత్తో! ఆ చెవులు చూడు, ఉడకబెట్టిన బీట్‌రూట్‌లాగా. ఇదిగో, ప్రశ్నలడిగే పిల్ల కనుబొమ్మ ఎగరేసింది. ఒక్కటే ఎగరేసింది! వీడి పని అయిపోయింది!"

"మాకూ కళ్ళున్నాయి విల్ఫ్," అనేవాడు మాంసం కొట్టు రెజ్, మరకల ఏప్రాన్లు మెషిన్‌లో కుక్కుతూ.

"ఉంటే వాడుకో. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు చూడు. ఖాళీ! ఒట్టి గ్లాసే తాగుతున్నాడు!"

మంత్రుల మీద పడేవి చినుకులే. రాచకుటుంబం తెర మీదికొస్తే కుంభవృష్టి. విల్ఫ్‌కి రాజులంటే పడదు. వాళ్ళ నాన్నకీ పడేది కాదు, తాతకీ పడేది కాదు. పుట్టుకతో ఎవరికీ ఏదీ దక్కకూడదన్నది వాళ్ళ ఇంట్లో పుట్టుకతో వచ్చే నమ్మకం.

పడనివాడు కళ్ళు మూసుకోవచ్చు కదా. అబ్బే.

"వచ్చిందయ్యా, రాజుగారి మేనత్త! ఆకుపచ్చ కోటు. ముదురాకుపచ్చ కాదు, పచ్చిబఠాణీ రంగు. మోకాళ్ళ కిందికి నాలుగు వేళ్ళు. నెత్తిన టోపీయా అది? చెత్తడబ్బా మూత! దానికో ఈక. నెమలిది కూడా కాదు, ఏదో పేద కోడిది. మెళ్ళో మూడు పేటల ముత్యాలు, సిగ్గులేకపోతే సరి!"

"మూడు పేటలేనా విల్ఫ్?" అని అడిగేది పక్క కుర్చీలోంచి హిల్డా.

హిల్డా క్రాబ్‌ట్రీకి ఎనభై దాటాయి. లాండ్రీ మీది అంతస్తులో ఒంటరి కాపురం. రాచకుటుంబమంటే ప్రాణం. ఆమె గదినిండా పట్టాభిషేకాల కప్పులు, పెళ్ళిళ్ళ పళ్ళేలు. వాటిలో టీ పోసుకుని తాగడం ఆమె దృష్టిలో రాజద్రోహం.

"మూడే! మూడూ నా పన్నుతో కొన్నవే. చెవులక్కూడా ఉన్నాయి, శనగగింజంతేసి."

"పాపం, ఆ గాలికి చలేస్తుందేమో. చేతులకి తొడుగులున్నాయా?"

"ఉన్నాయి. మల్లెపువ్వులా ఉన్నాయి. పని చేసే చేతులైతే కదా మాసేది!"

"నీ నోరు కూడా ఆ మెషిన్‌లో వేసి ఉతకాలి," అని తిట్టి, హిల్డా హాయిగా వెనక్కి వాలేది.

భక్తుడి కన్నా పగవాడే దేవుణ్ణి ఎక్కువసేపు తలుచుకుంటాడని పురాణాల్లో చదివాను. విల్ఫ్‌ది ఆ హిరణ్యకశిపుడి బాపతు వైరభక్తి అనుకుని, పుస్తకం మూసి అతని వ్యాఖ్యానమే వినేదాన్ని. అందరికీ అంత ఓపిక ఉండదు. రెజ్ తన ఏప్రాన్లు పై వీధిలోని కొత్త లాండ్రీకి మోసుకుపోయాడు. అక్కడ టీవీ లేదు, విల్ఫూ లేడు, స్వర్గంలా ఉంది అని ఊరంతా చెప్పుకొచ్చాడు. అతని వెనకే ఇంకొందరు వెళ్ళారు. మెషిన్లు సగం ఖాళీగా కూర్చున్నాయి.

రాచవారింట పెళ్ళి వచ్చిపడింది. ఆరు నెలలుగా హిల్డా నోట వేరే మాట లేదు. పెళ్ళి ముందు రోజు బ్రెండా నడుం మీద చేతులేసుకుని విల్ఫ్ ఎదుట నిలబడింది.

"రేపు వీధిలో సగం మంది ఇక్కడే పెళ్ళి చూడబోతున్నారు. శాండ్‌విచ్‌లు చేస్తున్నాను, కేకు చేస్తున్నాను. కొత్త లాండ్రీకి పోయినవాళ్ళందర్నీ బతిమాలి పిలిచాను. నీ నోట్లోంచి ఒక్క మాట ఊడిపడిందా, నువ్వూ నీ తువ్వాలూ మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దు."

"ఇది స్వతంత్ర దేశం!"

"దేశం నీది. లాండ్రీ నాది."

విల్ఫ్ నోరు తెరిచాడు. హిల్డా కేసి చూశాడు. నోరు మూశాడు. అతను వాదనలో ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు జోరున వాన. లోపల గోడలకి రంగు జెండాలు, బల్ల నిండా తిండి. కేకు కబురు విని రెజ్ కూడా వచ్చాడు. హిల్డా నీలం కోటు తొడుక్కుని, దానికి రాళ్ళ బ్రోచి గుచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. విల్ఫ్ చివరి వరసలో, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, పన్ను పీకించుకున్నవాడిలా ఉన్నాడు.

టీవీలో వ్యాఖ్యాతలు ఇద్దరు. కళ్ళ ముందు పెళ్ళి పెట్టుకుని, ఆ చర్చి ఏ రాజు కట్టించాడో, ఆ రాజుకి ఎందరు భార్యలో చెప్పుకుంటున్నారు.

"కారు ఆగిందా?" అంది హిల్డా.

"ఆగింది కదా బంగారం, ఎదురుగానే ఉంది," అంది బ్రెండా టీ పోస్తూ.

"ఆఁ, అవునవును."

కాసేపాగి, "గౌను బాగుందా?" అంది.

"నన్నడుగుతావేం? నీ ముక్కు ముందే ఉందిగా," అన్నాడు రెజ్, కేకు నములుతూ.

హిల్డా నవ్వి తలూపింది. కోటు బొత్తాన్ని మాత్రం వేళ్ళతో మెలిపెడుతూనే ఉంది.

చివరి వరసలో ఏదో పేలింది.

"పన్నెండు గజాల తోక! గౌను వెనకాల పన్నెండు గజాలు! దాంతో మా వీధి మొత్తానికీ కిటికీ తెరలు కుట్టించొచ్చు! మెడదాకా లేసు, మోచేతుల దాకా లేసు, నెత్తిన..."

"బయటికి!" అంది బ్రెండా.

విల్ఫ్ తువ్వాలు భుజాన వేసుకుని వానలోకి నడిచాడు. బ్రెండా వెనకాలే గడియ పెట్టింది. అందరూ హమ్మయ్య అనుకుని టీవీ కేసి తిరిగారు.

నిమిషం కాకముందే తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి గొంతు వచ్చింది.

"నెత్తిన వజ్రాల పట్టీ! పెళ్ళికొడుక్కి ఎర్ర కోటు! ఛాతీనిండా పతకాలు, యుద్ధమైతే సినిమాల్లోనే చూసుంటాడు!"

అద్దంలోంచి టీవీ కనిపించాలంటే నిలబడాలి. మాట లోపలికి రావాలంటే మోకాలెత్తు కంత దగ్గరికి వంగాలి. విల్ఫ్ నిలబడి చూస్తున్నాడు, గొంతుక్కూర్చుని అరుస్తున్నాడు. బావిలో చేదలాగా అతని తల అద్దంలో లేస్తోంది, మునుగుతోంది. లేచిన ప్రతిసారీ మోకాళ్ళని కూడా ఓ తిట్టు తిడుతున్నాడు. రెజ్‌కి నవ్వీ నవ్వీ పొలమారింది.

బ్రెండా నేల తుడిచే కర్ర అందుకుని తలుపు వైపు బయల్దేరి, సగం దారిలో ఆగిపోయింది.

హిల్డా అప్పటికే అక్కడ ఉంది. కుర్చీ ఈడ్చుకెళ్ళి తలుపు దగ్గర వేసుకుంది. టీవీ వైపు ఆమె వీపు. కంత దగ్గరికి వంగిన ముఖం దీపంలా వెలుగుతోంది.

"కాస్త నెమ్మదిగా విల్ఫ్," అంటోంది. "పూలగుత్తి దగ్గర వదిలేశావు. ఏం పూలు?"

"తెల్లవి! ఏం పూలో నాకేం తెలుసు, నేను బస్సు నడిపినవాణ్ణి. గంటల్లాగా ఉన్నాయి, చిన్నచిన్నవి."

"లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూలు," అంది హిల్డా తృప్తిగా.

తెర మీద పెళ్ళికూతురు ప్రమాణం చేస్తోంది. ఎవరూ అటు చూడటం లేదు. ఆరు నెలలుగా ఈ పెళ్ళి కోసమే బతికిన ముసలావిడ పెళ్ళికి వీపు పెట్టి కూర్చోవడమే చూస్తున్నారు. రెజ్ కేకు పళ్ళెం కింద పెట్టాడు.

బ్రెండా కర్రని గోడకి ఆనించి గడియ తీసింది.

"లోపలికి తగలడు. ఆ మోకాళ్ళు విరిగితే నిన్ను ఎవడు మోస్తాడు?"

"మాట్లాడొచ్చా?"

"మాట్లాడకపోతే గెంటేస్తాను. మొదట్నుంచీ చెప్పు. మేనత్త టోపీ నేను సరిగ్గా చూడలేదు."

"నేనూ చూళ్ళేదు," అన్నాడు రెజ్, టీవీలో ఆ టోపీనే చూస్తూ.

హిల్డాని ఎవరూ ఏమీ అడగలేదు. చూపు నడుమంతా మసకబారి, అంచులు మిగిలాయట. మెట్లు దిగడానికి అది సరిపోతుంది, ముఖాలకి సరిపోదు. సంగతి తెలిస్తే ఊరి కౌన్సిల్ వాళ్ళు వృద్ధాశ్రమానికి తరలిస్తారని ఆమె భయం. చాలా రోజుల తర్వాత తనే చెప్పింది. అప్పటికి రెజ్ ఏప్రాన్లు బ్రెండా లాండ్రీకి తిరిగొచ్చేశాయి. "మంత్రి ఏం చేస్తున్నాడు విల్ఫ్?" అని పొద్దున్నే మొదట అడిగేది అతనే.

పెళ్ళి రోజు సాయంత్రం బస్టాపులో విల్ఫ్‌ని అడిగాను, "నీకెలా తెలిసింది?"

"నా అభిప్రాయాలేం మారలేదమ్మా పుస్తకాలావిడా, ముందు అది రాసుకో. వాళ్ళందర్నీ రేపే కౌన్సిల్ పేదలకిచ్చే ఇళ్ళలోకి పంపాలి."

"అడిగింది అది కాదు. హిల్డా సంగతి."

అతను తడి తువ్వాలు పిండుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"ఓ పొద్దున లాండ్రీలో మేమిద్దరమే ఉన్నాం. రాచవాళ్ళు గుర్రప్పందేలకి వెళ్ళారని వార్త. తెరనిండా ఒక ముఖం. 'ఈ గోధుమరంగు యువరాణికి ఎంత నప్పిందో చూడు విల్ఫ్' అంది. చూశాను. గుర్రం."

"మరి నువ్వేమన్నావు?"

"బ్రహ్మాండంగా నప్పింది అన్నాను. ఆ కుటుంబంలో ఒకరిని నేను మెచ్చుకోవడం ఇంతవరకూ ఆ ఒక్కసారే."