సత్తియ్య నిద్ర

పొద్దున్నే నా మొదటి పని కిటికీకి గోనెపట్టా కట్టడం. రాత్రంతా రొయ్యల చెరువు కాపలా కాసి, మా ఆయన సత్తియ్య ఎండెక్కే వేళకి ఇంటికి వచ్చేవాడు. చద్దన్నం తిని పడుకుంటే గదిలో వెలుగు పడకూడదు. గిన్నెలు కూడా పెరటి చివరికి పట్టుకెళ్లి, చప్పుడు కాకుండా తోముకునేదాన్ని. ఇప్పుడు పట్టా కట్టడం లేదు. ఎండ వచ్చి ఖాళీ మంచం మీద పడుతోంది.

ఆయన అల్లవరం దగ్గర పడవ మీద బతికే ఇంట్లో పుట్టాడు. తండ్రితో వేటకి వెళ్లేవాడు. పడవ పోయాక రాజబాబుగారి చెరువు కాపలాకి కుదిరాడు. చెరువులో ఏరేటర్లుంటాయి, నీళ్లకి గాలి కొట్టే చక్రాలు. రాత్రిపూట అవి ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. వాటి చప్పుడు వింటూ కూర్చోవడమే ఆయన పని. ఆ అలవాటుకి పగలు ఇంట్లో కరెంటు పోయి ఫ్యాను ఆగినా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు.

మా ఊరికి ఒక వెబ్‌సైటు ఉంది. అమలాపురంలో నెట్ సెంటర్ నడిపే మా వీధి నాగసతీష్ పెట్టాడు. తీర్థం జాతర ఫోటోలు, పెళ్లి కబుర్లు వేస్తుంటాడు. ఒక ఏడు తీర్థానికి మా ఆయన చెరువు నుంచి నేరుగా వచ్చి, మధ్యాహ్నం దాకా భోజనాలకి నీళ్లు మోసి, కొబ్బరికాయల రాశికి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఎవరో తలమీద కొబ్బరిచిప్ప బోర్లించారు. నాగసతీష్ ఫోటో తీసి సైటులో పెట్టి, కింద రాశాడు: "రాజబాబుగారి చెరువు కాపలా భేషుగ్గా సాగుతోంది."

మా ఆయన చూసి నవ్వాడు. "పోనీలేవే, ఊళ్లోవాళ్లే కదా చూసేరు. నా పళ్లన్నీ ఉన్నాయో లేదో తెలిసింది" అన్నాడు.

మరుసటి ఏడు సైటుకి కొత్త బటన్లు వచ్చాయి. ఫోటో కింద నొక్కితే చాలు, స్నేహితుల మెయిళ్లకీ పేజీలకీ వెళ్లిపోతుంది. ఎక్కువమంది పంపుకున్నది మొదటి పేజీలో పైకి వస్తుంది. మా ఆయన పైకి వచ్చాడు. అక్కడే ఉండిపోయాడు. హైదరాబాదులో, మస్కట్‌లో, మా ఊరి మట్టి తొక్కనివాళ్ల దగ్గర కూడా సత్తియ్య అంటే నోరు తెరుచుకుని నిద్రపోయే కాపలావాడు. ఫోటోలో ఎండ ఉంది. పట్టపగలని ఒక్కరికీ తట్టలేదు.

ఈ కార్తీకంలో గాలివానకి కరెంటు తీగ తెగి చెరువుగట్టు మీద పడింది. ఏరేటర్లు ఆగిపోయాయి. మోటారు దగ్గరికి పరుగెత్తిన మనిషి ఆ తీగ తొక్కి పోయాడు.

పెద్దకార్యం నాడు నా వాకిట్లో విస్తరి ముందు కూర్చుని రాజబాబుగారు అన్నారు: "నిద్రకళ్లతో తొక్కేసుంటాడండి. సత్తియ్య నిద్ర సంగతి లోకమంతా తెలిసిందే కదా." పక్కనున్నవాళ్లు తలలూపారు. ఒకాయన నవ్వు దాచుకోవడానికి విస్తరి మీదికి వంగాడు.

నేను గుమ్మం లోపల కూర్చుని విన్నాను. నిద్రపోయేవాడికి చక్రాలు ఆగిన సంగతి ఎవరు చెప్పేరండీ అని అడగాల్సింది. అడగలేదు.

నాగసతీష్ దగ్గరికి వెళ్లాను.

"ఆ ఫోటో తీసెయ్యి బాబూ."

"ఆయ్, ఇప్పుడే తీసేస్తానండి పిన్నిగారూ. కానండి, పంపుకున్నవాళ్ల దగ్గర ఉన్నది నా చేతిలో లేదండి."

"పంపడానికి బటను పెట్టేవు. వెనక్కి లాగడానికి పెట్టలేదా?"

"బాబాయిగారి గురించి మీరే రాసివ్వండి. అదే చోట పెడతాను, బటను కూడా పెడతాను" అన్నాడు.

"నవ్వుకోడానికి పంపుకున్నారు. దీన్ని పంపుకుంటారా?"

"ఏమోనండి."

ఆ ఒక్కటీ నిజం చెప్పాడు. అందుకే రాస్తున్నాను. ఆ ఫోటో కింద నొక్కిన వేళ్లతోనే దీని కిందా నొక్కండి.

నిన్న రాజబాబుగారు బండి మీద వచ్చి ఒక మూట అరుగు మీద పడేశారు. "కాపలా పాకలో దోమతెర. కొత్త మనిషి వస్తున్నాడు వరహాలమ్మా, ఉతికిపెట్టు. మీ ఆయన ఎన్నాళ్లు పడుకున్నాడో ఇందులో, కంపు కొడుతోంది."

"ఆయ్" అన్నాను. అలవాటు.

రాజబాబుగారు వెళ్లాక మూట విప్పాను. చెరువుగట్టు మీద తెర లేకుండా ఎవరికైనా కన్ను మూతపడుతుందా, దోమలు పీక్కుతినవూ? ఈ తెర నిండా రొయ్యల మేత పొడి. కాకులు పొడవకుండా మా ఆయన దీన్ని మేత బస్తాల మీద కప్పి కట్టాడు. ఆ ముడులు మూలల్లో అలాగే ఉన్నాయి. పడవ ముడులు, ఆయన వేసినవే. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. తలనూనె వాసన లేదు, చెమట వాసన లేదు. మేత కంపే.

ఉతకడానికి బకెట్టులో పట్టిన నీళ్లు కనకాంబరాలకి పోసేశాను. ముడులు విప్పకుండా తెరని వీధివైపు దండెం మీద వేశాను.

ఈ పేజీకి ఫోటో కావాలంటే వచ్చి దాన్ని తీసుకో, నాగసతీష్. ఉతకలేదు. ఉతకను.