రెండు ముఖాల అగ్గిపెట్టె

మొన్న ఆదివారం వేలూరులోని మా ఇంటికి వచ్చిన మనవరాలు, క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులను ప్లాస్టిక్ తొడుగుల్లో ఒక్కొక్కటిగా దూర్చి భోజనాల బల్ల మీద వరుసగా పరిచి, వాటిలో ఒకదానిని మాత్రం ముట్టుకోవద్దని నన్ను గట్టిగా హెచ్చరించింది. ఎందుకని అడిగితే, ఆ కార్డును కంపెనీవాళ్లు కావాలనే తక్కువగా అచ్చువేశారనీ, అందుకే అది అపురూపమనీ చెప్పింది. ముద్రణాలయాల్లో రంగుల పొందిక సరిచూసే ఉద్యోగంలో బతుకంతా గడిపినదాన్ని కనుక నేను కళ్లద్దాలు సవరించుకొని, ముట్టుకోకుండానే దాన్ని పరీక్షించి, నీలం రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగిందని నా అభిప్రాయం తెలియజేశాను. ఆ పిల్లకు అది రుచించలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా గుడియాత్తంలోని మా వీధి, ఆ వీధి తిన్నెల మీద నడిచిన మా పటాల వ్యవహారమే కళ్లముందు కదలాడాయి.

నా ఈడువారికి అగ్గిపెట్టె పటాలంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఇప్పటి పిల్లలు కార్డులు కూడబెట్టినట్టే మనం అగ్గిపెట్టెల మీది బొమ్మకాగితాలను కూడబెట్టినవాళ్లం. మాకంటే పెద్దవాళ్ల దగ్గర జపాను పటాలు ఉండేవి. దళసరి కాగితం, చెదరని నలుపు, వాటి అంచులు ఈనాటికీ నా కంటికి ఆనుతాయి. స్వాతంత్ర్యం రావడంతో పటాల లోకమంతా మారిపోయింది. దొరల కిరీటాలు, గుర్రపు స్వారీలు పోయి మూడు రంగుల జెండా, రాట్నం, దేశపటం వచ్చాయి. ఒకే జెండాను ఒక అచ్చులో ఆకుపచ్చగా, మరొక అచ్చులో దాదాపు నీలంగా వేసేవారు. తక్కిన పిల్లలకు ఆ రెండూ ఒకటే. నాకు మాత్రం అవి రెండు వేర్వేరు పటాలు. రంగుకొక అచ్చురాయి చొప్పున ఎన్ని రాళ్ల మీద అచ్చు తీశారో అంచున మిగిలే సన్నని గీతలను బట్టి పోల్చుకోవడం నాకు అప్పుడే పట్టుబడింది.

అయితే మా గుడియాత్తం పిల్లలకు ఇంకెక్కడా లేని చిక్కు ఒకటి ఉండేది. అగ్గిపెట్టెలు తయారయ్యేది మా ఊళ్లోనే. మగవాళ్లు గోడలు కట్టే పనులకు పోతే, ఆడవాళ్లు పలుచని చెక్కరేకులను మడిచి పెట్టెలు చేసి, మైదాపిండిలో మైలుతుత్తం కలిపి కాచిన జిగురుతో పటాలు అంటించి, బుట్టలకెత్తి కంపెనీకి పంపేవారు. ప్రతి ఇంటి వసారాలోనూ కొత్త పటాలు కట్టలుగా పడి ఉండేవి. కొత్త పటానికే విలువ ఇచ్చినట్టయితే వీధిలోని పిల్లలందరూ ఒక్క పూటలో కుబేరులై ఉండేవాళ్లు. అందుకని మాకంటే ముందు తరం పిల్లలెవరో ఒక కట్టుబాటు పెట్టారు: గీసిన పెట్టె మీది పటమే పటం. ఊరు దాటి, ఎవరి చేతిలోనో పుల్లలన్నీ అయిపోయి, తిరిగి మన చేతికి వచ్చిన పెట్టెకే లెక్క. దాని ఫలితమేమిటంటే, మా చేతుల మీదుగా దూరదేశాలకు పోయే పటమే మాకు అన్నిటికంటే అరుదైనది.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. చిత్తూరు అటుపోయింది, మేము ఇటు మిగిలాం. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి వచ్చే చుట్టాల ఊళ్లు వేరే రాష్ట్రమైపోయాయి. అంతవరకు ఒకే పటంతో పెట్టెలు పంపిన కంపెనీవారు, ఆంధ్రకు పోయే సరుకుకు తెలుగు అక్షరాల పటం, ఇక్కడి సరుకుకు తమిళ అక్షరాల పటం అచ్చువేయించారు. రెండింటి మీదా బొమ్మ ఒకటే, ఎర్రని నేల మీద పసుపుపచ్చ బండిచక్రం. పెట్టెకు పైనా కిందా రెండు వైపులా పటం అంటించడం రివాజు. కట్టలు తెచ్చిన బండివాడు ఇది తమిళం, ఇది తెలుగు అని మాత్రం చెప్పి, ఏది దేనికో చెప్పకుండా పోయాడు. మా వీధిలో అందరి ఇంటి మాటా తెలుగే గాని, తెలుగు అక్షరం గుర్తుపట్టగలవారు ఒక్కరూ లేరు.

అమ్మ రెండు కట్టలూ ముందు పెట్టుకొని మా అవ్వను అడిగింది.

"అత్తా, రెండు రకాలు ఇచ్చినారే, ఏది యాడ అంటించేది?"

"దాంట్లో ఏముండాది మే? ఒక పక్క ఇది, ఒక పక్క అది. ఇంట్లో ఒకటి మాట్లాడతాము, బజార్లో ఒకటి మాట్లాడతాము. పెట్టెకు మాత్రం రెండు పక్కలు ఉండవా?"

అవ్వ మాట మా వీధికి తిరుగులేనిది. అన్ని ఇళ్లలోనూ అదే తీరున అంటించారు. వారం తిరగకముందే కంపెనీ కణక్కుపిళ్లె, అంటే లెక్కలు చూసే గుమాస్తా, గొడుగు ఊపుకుంటూ వచ్చి వీధి నడుమ నిలబడి కేకలు వేశాడు. రాష్ట్రాలు విడిపోయిన తరువాత పెట్టెలు కూడా విడిపోవాలన్నది ఆయన వాదం. అవ్వ పిండి చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చింది.

"రాష్ట్రం విడిపోయేటప్పుడు మమ్మల్ని అడిగినారా సామీ? ఎల్లకాడుండే పరదరామి దాటితే ఒక నోరు, ఇవతల ఒక నోరు మాకు దేవుడు ఇచ్చినాడా?"

"నీతో పేచీ పెట్టుకునేదానికి నాకు ఒంట్లో తెంబు లేదు పాట్టీ," అని ఆయన గొడుగు ముడిచాడు. "రైలెక్కిందాన్ని ఏమీ చేయలేము. మిగిలిందంతా ఊడదీసి మళ్లా అంటించండి."

అలా కంపెనీలో మిగిలిన పెట్టెల మీద తప్పు దిద్దేశారు. చిత్తూరు రైలు ఎక్కినవి మాత్రం ఒక ముఖాన తెలుగు, ఒక ముఖాన తమిళం పెట్టుకొని పోయాయి. ఆ సాయంత్రమే మా మామ కొడుకు, నాకు బావ వరస, తిన్నె మీద తన పటాల రేకుడబ్బా పక్కన కూర్చొని చాటింపు వేశాడు. అతడు వేలూరులో చదువుకుంటూ, అక్కడి అంగళ్ల ముందు ఏరుకొచ్చిన పటాలతో వీధి మొత్తానికి పెద్ద సేకరణదారుగా చలామణి అవుతుండేవాడు.

"ఆ రెండు ముఖాల పెట్టె, గీసింది, ఎవడు తెస్తాడో వాడే రాజు."

"ఎవడు అంటావేం బావా? నేను తెస్తే?"

"నీకు యాడ దొరుకుతాది మే? మీ పొయ్యికాడ దొరుకుతాదా?"

"దొరికితే?"

"దొరికితే నా డబ్బా అంతా నీకే. ఆయుధపూజలోగా దొరకలేదనుకో, నీ డబ్బా నాది. మళ్లా ఈ తిన్నె ఎక్కరాదు నువ్వు."

నేను సరే అన్నాను. పటాలు పోవడం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తిన్నె. పటాలు మార్చుకునే ఆ చోట కూర్చునే ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేను దిగిపోతే మరొక ఆడపిల్ల ఎక్కడం కల్ల.

మగపిల్లలు కాట్పాడి జంక్షనుకూ, లత్తేరి స్టేషనుకూ పోయి పట్టాల పక్కనంతా వెతికి వట్టి చేతులతో వచ్చారు. నేను మరొక విధంగా ఆలోచించాను. చిత్తూరు అంగడిలో అమ్ముడైన పెట్టెలో పుల్లలు చిత్తూరులోనే అయిపోతాయి. రైల్లో పోయేవాడు కొన్నది దారిలోనే పారేస్తాడు. అక్కడే కొని, అక్కడే గీసి, తిరిగి మన వీధికి వచ్చేవాడు ఎవడు? కొత్త రాష్ట్రంలో ఆఫీసులూ, ఇళ్లూ లేస్తున్నాయని మా వీధి మేస్త్రీలు అటు పనులకు పోతూ ఉండేవారు. బీడీ లేనిదే తాపీ పట్టని మా చిన్నాయన ఆ జట్టులో ఉన్నాడు. ఆయన బయలుదేరే పొద్దున సందు చివరిదాకా వెంటబడి, ఖాళీ అయిన అగ్గిపెట్టె ఒక్కటి కూడా పారేయవద్దని బతిమాలుకున్నాను.

"నిండు పెట్టె అడిగేవాళ్లను చూసినా. ఖాళీ పెట్టె అడిగేదాన్ని నిన్నే చూస్తుండా తల్లీ," అని నవ్వి, తప్పకుండా తెస్తానన్నాడు.

ఆయుధపూజ నాడు కంపెనీ మూసి ఉంటుంది, జిగురు కుండలు బోర్లించి ఉంటాయి. ఆ మధ్యాహ్నం తిన్నె మీద బావ ముందుగానే చేరాడు. నా డబ్బా కూడా అక్కడ పెట్టించాడు. పనిముట్లు పూజకు అందించాలని చిన్నాయన మధ్యాహ్నం రైలు దిగి, గడపలోనే జేబులు తిరగేశాడు.

"చొక్కా నిండా అగ్గిపెట్టెలేనమ్మా. పోలీసోడు చూసింటే, యాడికిరా నిప్పు పెట్టేదానికి పోతుండావు అని పట్టుకొనుండును."

నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అన్నీ రెండు వైపులా తెలుగువే. ఒక్కటి కూడా రెండు ముఖాలది లేదు. ఆయన సంచిలోని పనిముట్లను పూజపీట మీద సర్దసాగాను. తాపీ, రసమట్టం, తూకం గుండు, గీత కొట్టే నూలుతాడు. అన్నిటికీ అడుగున, ఎర్రని కావిపొడి పూసుకొని, ఒక అగ్గిపెట్టె. పావడ అంచుతో తుడిస్తే ఒక ముఖాన తమిళం, తిప్పితే తెలుగు.

"ఇది యాడిది చిన్నాయనా? ఇది ఎందుకు ఇవ్వలేదు?"

"నువ్వు అడిగింది ఖాళీ పెట్టె గదా," అన్నాడాయన ఏ మాత్రం తొణక్కుండా. "అది ఖాళీ కాదు. దాంట్లో కావి ఉండాది."

తాడుకు పూసే కావిపొడిని ఒక కాగితంలో ఒంపి, పెట్టెను పట్టుకొని తిన్నె దగ్గరకు పరుగెత్తాను. బావ దాన్ని అందుకొని, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు.

"ఇది సెల్లదు. మీ అమ్మకాడ పటాలకు కొదవా? పాత పెట్టెకు రెండూ అంటించుకొని వచ్చినావు."

తిన్నె మీదివాళ్లందరూ నా వైపు చూశారు. ఇళ్లన్నీ పటాలతో నిండిన మా వీధిలో ఆ అనుమానం సమంజసమైనదే. దానికి కోపంతో సమాధానం చెప్పలేము, ఆధారంతోనే చెప్పాలి. పెట్టె పక్కకు పుల్ల గీసే మందు పూసేది మా ఇళ్లలో కాదు, కంపెనీలో. అదీ పటాలు అంటించిన తరువాత. వరుసలుగా పేర్చిన పెట్టెల పక్కలకు కుంచెతో మందు పులుముతారు గనుక, ఎంత నేర్పరి పూసినా ఆ గోధుమరంగు మందు అంచు దాటి పటం మీదికి ఒక గీతంత పాకుతుంది. నేను పెట్టెను ఎండకు ఎదురుగా పట్టి, రెండు ముఖాల అంచులూ చూపించాను.

"మందు పటం మీద ఉండాదా, పటం కింద ఉండాదా, నువ్వే చూడు బావా. నేను ఇంట్లో అంటించుంటే మందు కింద ఉండాల."

అతడు గోటితో ఒక మూల గీకాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకొని మరో మూల చూశాడు. ఎన్నో పెట్టెలు నానబెట్టి ఊడదీసినవాడు; చూసిన తరువాత చూడనట్టు నటించడం అతని వల్ల కాలేదు.

"ఒత్తుకుంటుండా," అని ఓటమి ఒప్పుకున్నాడు. తన డబ్బాను రెండు చేతులతో నా వైపు తోసి, తను కూర్చున్న గోడవార చోటు నాకు ఖాళీ చేసి, తిన్నె అంచుకు జరిగాడు.

తిన్నె మీద పుట్టిన కేకలకు అవ్వ బయటికి వచ్చి, సంగతి విని, కొంగు నడుముకు దోపుకుంది. "చూసినారా నా బుద్ధి? ఆ దినం నేను తప్పు చేయకపోతే ఈ దినం దీనికి గెలుపు యాడిది?" అని వీధి చివరిదాకా వినబడేట్టు అంది. ఆ పండుగ సాయంత్రమే మరి ఇద్దరు ఆడపిల్లలు తమ పటాలతో తిన్నె ఎక్కారు, వాళ్లను దిగమన్నవాడు లేడు.

ఆ పెట్టె నాకు మరొక మేలు కూడా చేసింది. రెండు ముఖాల మీదా గుడియాత్తం అన్న పేరు ఉండేది. బడిలో నేర్చిన తమిళంతో ఒక్కొక్క అక్షరానికీ ఎదుటి అక్షరం సరిపోల్చి, మా మాటకు కూడా రాత ఉందనీ, అది ఇంత గుండ్రంగా ఉంటుందనీ తెలుసుకున్నాను. మా వీధిలో తెలుగు చదవడం నాతో మొదలైంది. నేడు ఈ నాలుగు ముక్కలు రాయగలగడం కూడా ఆనాటి గెలుపులో భాగమే.

ఇప్పుడు ఆ వీధిలో పెట్టెలు అంటించేవారు లేరు. యంత్రమే మడిచి, అంటించి, మందు పూసి బయటికి తోస్తున్నది, అంచు దాటి ఒక్క గీత కూడా పడదు. తిన్నెలు పగలగొట్టి మోటారు సైకిళ్లు నిలుపుకునే వాలు కట్టారు. నేను మదరాసులో ఉద్యోగంలో చేరి, పటాలు కూడబెట్టడం మానేసిన తరువాత కూడా, మా చిన్నాయన ఏ ఊరి పనికి పోయినా, నెమిలి గాని, నాట్రంపల్లి గాని, అక్కడి ఖాళీ పెట్టెను రుమాలులో చుట్టి నాకోసం తెచ్చేవాడు. ఇక అక్కరలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈనాడు ఊరినుంచి వచ్చేవారు ముందుగానే ఫోను చేసి ఏం కావాలని అడుగుతారు, అడిగినవన్నీ తెస్తారు కూడా. వాడి పారేయవలసిన వస్తువును, మనం ఒకసారి అడిగామన్న కారణంగా, పని చేసినన్నాళ్లూ జేబులో మోసుకొచ్చే మనిషి కోసం మాత్రం నేను సాయంత్రం రైలు వేళకు ఇంకా వీధి వైపు చూస్తూనే ఉంటాను.