ఆరో రోజు కుండీల బరువు

మా బిడ్డ డాక్టరైంది! సూదులిచ్చే డాక్టరు కాదండీ, మొక్కల మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్న డాక్టరు. మొన్న మంగళవారం హైదరాబాదులో పెద్ద పెద్ద సార్లు కూర్చుని రెండు గంటలు ప్రశ్నలడిగి, చివరకు చప్పట్లు కొట్టారట. ఆ వార్త విని నేను చెప్పులు కూడా వేసుకోకుండా మా సడ్డకుడి ఇంటికి పరుగెత్తాను. సడ్డకుడంటే నా భార్య అక్క భర్త. వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఆయన శుక్రవారమే గుండె ఆగి పోయాడని. శనివారం పాడెకు భుజం పట్టిన వాణ్ని నేనే. అయినా కాళ్లు అటే పోయాయి.

నేను ఏడో తరగతి చదివిన వాణ్ని. ఇంత సంతోషాన్నీ ఇంత సిగ్గునూ ఒకే కాగితం మీద పెట్టడం నాకు చేతకాదు. తప్పులుంటే మన్నించండి. కానీ ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

ఆయన చాలా ఏళ్లు మహారాష్ట్రలో, భీవండిలో మగ్గాల మీద పనిచేసి సిద్దిపేటకు తిరిగొచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక మగ్గం, నూలు తూచే పాత తరాజు ఉండేవి. మగ్గం ఆగిపోయినా తరాజును మాత్రం రోజూ తుడిచి, దుమ్ము పడకుండా తెల్లగుడ్డ కప్పేవాడు. "ఇప్పుడు దాంతోని ఏం పనన్నా?" అని నేను ఎగతాళి చేస్తే, "పని ఎప్పుడొస్తదో ఎవలకెర్క తమ్మీ" అనేవాడు.

పని వచ్చింది. మూడేళ్ల కిందటి వేసవిలో, మా బిడ్డ చదివే చోట మొక్కలు పెంచే గాజు షెడ్డుకు మరమ్మతులు మొదలయ్యాయి. ఆమె చదువు ఏమిటంటే, నీళ్లు అందకపోతే మొక్క లోపల ఏం జరుగుతుందో కనిపెట్టడం. వేళ్ల దగ్గర తడి తగ్గగానే ఒక హార్మోను పుట్టి ఆకులకు కబురు తీసుకుపోతుందట. ఆకులు వెంటనే తమ సన్న రంధ్రాలు మూసుకుని ఉన్న తడిని కాపాడుకుంటాయట. ఏ రోజు ఆ కబురు ఎంత గట్టిగా ఉందో ఆకులు కోసి, ఐసులో పెట్టి తీసుకుపోయి కొలవాలి.

ఇదంతా ఆమె చెబుతుంటే నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఆయన మాత్రం, "ఒక్క పోగు బిగుసుకుంటే మగ్గమంత ఎర్కయితది. గట్లనేనా బిడ్డా?" అన్నాడు.

"గట్లనే పెద్దబాపూ! మా సార్ల కన్న మంచిగ జెప్పినవ్" అని ఆమె ఎగిరి గంతేసింది.

అక్కడ చోటు లేక మా సడ్డకుడి రేకుల షెడ్డులోనే ఇరవై నాలుగు కుండీల్లో మక్కజొన్న మొక్కలు పెట్టారు. తెల్లపోగు కట్టిన కుండీలకు రోజూ నీళ్లు. ఎర్రపోగు కట్టిన వాటికి ఎనిమిది రోజులు చుక్క పోయకూడదు. పొద్దున్నే ఒక్కొక్క కుండీని తూచి ఆమెకు ఫోనులో బరువు చెప్పడం ఆయన పని. చేతులు కడిగి, తుడుచుకుని, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి తూచేవాడు. మధ్యలో నేను మాట్లాడితే, "తరాజు మాట్లాడుతుంది, జర ఊకో" అని గద్దించేవాడు. మనిషి నడకే మారిపోయింది.

ఆరో రోజు ఆయన, ఆయన భార్య అంటే మా వదిన, వర్గల్ సరస్వతమ్మ గుడికి పోయారు, మా బిడ్డ చదువు బాగుండాలని మొక్కుకోవడానికే. షెడ్డు తాళం నా చేతికిచ్చి, "ఏం చేయకు తమ్మీ. ఊకె చూసుకుంట కూసో" అన్నాడు.

కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఎర్రపోగు మొక్కల ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. మా ఊరు అక్కన్నపేటలో బోరు ఎండిపోయిన సంవత్సరం నా చేనంతా ఇట్లాగే చుట్టుకుపోయింది. అప్పుడు పోయడానికి నీళ్లు లేవు. ఇప్పుడు పక్కనే నిండు డ్రమ్ము. ఒక్కో కుండీకి ఒక్కో చెంబు పోశాను. సాయంత్రానికి ఆకులు విచ్చుకున్నాయి. మంచి పని చేశాననే అనుకున్నానండీ. తాళం వేసి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు నేను పోయేసరికి ఆయన తరాజు ముందు నిలబడి ఉన్నాడు. చంకలో నా తడి తువ్వాల. డ్రమ్ము మీద మరిచిపోయి వచ్చానన్నమాట. ఆయన ఫోను కలిపి, ఉన్న బరువులు ఉన్నట్టే చెప్పాడు. తగ్గించి చెబితే ఎవరికీ తెలిసేది కాదు. ఆ పని ఆయన చేయలేదు.

"పెద్దబాపూ, ఎర్రపోగు కుండీల బరువు ఎట్ల పెరిగింది? ఎవరు పోసిన్రు నీళ్లు?"

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నేనే బిడ్డా. పానం ఆగలే."

"ఒక్కటే జెప్పిన గదా నీకు, ఒక్కటే!" అని ఆమె ఏడ్చింది.

ఫోను పెట్టాక ఆయన తువ్వాల మడిచి నా చేతికిచ్చాడు. "కన్నతండ్రి చెడగొట్టిండంటే పిల్లకు సదువు మీద మనసుండదు. నా మీద కోపమంటవా, రెండొద్దులల్ల పోతది. నువ్వు ఊకో."

నేను ఊరుకున్నాను. ఆమె కోపం రెండు రోజుల్లో పోలేదు. కుండీలు తీసుకుపోయి, ఏడాది తర్వాత హైదరాబాదు గాజు షెడ్డులోనే మళ్లీ మొదటి నుంచి చేసుకుంది. మళ్లీ ఆయనకు ఒక్క కుండీ ఇవ్వలేదు. తరాజు మీద తెల్లగుడ్డ మళ్లీ పడింది. బెజ్జంకిలో పెళ్లికి పోతే మా చిన్న బామ్మర్ది ఆయన్ను చూసి, "జరగుండ్రి, జరగుండ్రి, నీళ్ల ట్యాంకరొస్తుంది!" అని అరిచాడు. పందిరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను కూడా నవ్వాను. నీళ్లు పోసినందుకు కాదండీ, ఆ నవ్వుకే నాకు ఇప్పుడు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

అప్పటి నుంచి ఎప్పుడు కలిసినా ఆయన అడిగేది ఒక్కటే: "మన పిల్ల ఆ కబురును పట్టుకున్నదా తమ్మీ?" పట్టుకుందన్నా, పట్టుకుంది! ఆ మాట చెప్పడానికే పరుగెత్తాను.

ఆ మంగళవారమే ఆమె ఫోనులో తన పుస్తకం మొదట్లో కృతజ్ఞతలు రాసిన పేజీ చదివి వినిపించింది. మొక్క మీద ప్రేమ నేర్పింది మా బాపు అని రాసిందట.  "పెద్దబాపు పేరు పెట్టినవా?" అని అడిగాను.

"లేదు బాపూ. పోయినాయనను అనొద్దు గని, ఆ నీళ్లతోని నాకు ఏడాది పోయింది."

"ఆ నీళ్లు నేను పోసిన బిడ్డా."

"ఏంది?"

అంతా చెప్పాను, తువ్వాలతో సహా. ఆమె "మొన్న పాడె కాడ నా పక్కనే నిలబడితివి. అప్పుడన్న జెప్పకపోతివి. నేను మనసుల కోపం పెట్టుకునే ఆయనకు దండం పెట్టిన బాపూ" అని ఫోను పెట్టేసింది. గొప్ప రోజున నా బిడ్డను నేనే ఏడిపించాను.

పొద్దుగూకే వేళకు ఫోనులో ఒక మెసేజి వచ్చింది. "పుస్తకం సోమవారం అచ్చుకు పోతది. పెద్దబాపు పూర్తి పేరు పంపు, ఇంటిపేరుతోని." అంతే.  కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం సరిచూసుకుని పంపాను. ఆ పేరు ఇక్కడ రాయను. అది ముందు ఆ పుస్తకంలో పడాలి.

ఆదివారం పెద్దకర్మ. అందరూ వస్తారు. డాక్టరైన సంగతి, నీళ్ల సంగతి, రెండూ చెప్పాల్సిన వాళ్లు వీళ్లు: నా భార్య, ఆమెకు నీళ్ల సంగతే, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి దాచాను. బెజ్జంకి చిన్న బామ్మర్ది, పదిమందిలో మొదట అతనికే. ఆ పెళ్లిలో నవ్విన అత్తమ్మ, ఆమె ఇద్దరు కోడళ్లు. దుబాయిలో ఉన్న మా మేనల్లుడికి ఫోనులో. భీవండిలో ఉన్న ఆయన తమ్ముడు, రైలు దిగగానే. ఆయన కొడుకు, తండ్రిని ట్యాంకరంటే తల దించుకునేవాడు. ఇక మా వదిన. ఆమెకు జనంలో కాదు, అందరి కంటే ముందు, షెడ్డులో చెప్పాలి, తరాజు మీది తెల్లగుడ్డ తీసి.