కొండాపూర్ గుండు దగ్గర రెండు సైన్సులు

బోరబండలోని మా బడిలో సైన్సులు రెండు. మొక్కలూ జంతువులూ నావి. వేడి, వెలుతురు, రసాయనాలు యాదగిరి సారువి. ప్రతి శనివారం మా రెండు పీరియడ్లూ కలిపి ఒకే పాఠం చెబుతామని అడిగితే, సోషల్ చెప్పే మా హెడ్‌మిస్ట్రెస్ సుశీల మేడం షరతు పెట్టారు. "ఒక్కరోజు చేసి చూపించండి. పిల్లలకు అంతా కలగాపులగమైతే మాత్రం మళ్లీ ఆ మాట ఎత్తకండి." అలా తొమ్మిదో తరగతిని వెంటేసుకుని హైటెక్ సిటీకి బయల్దేరాం.

ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కాం. మేడం కూడా వచ్చారు. కండక్టరు టికెట్లు కొడుతూ, "ఏంది టీచరమ్మా, పిల్లలందరికీ గా అద్దాల బిల్డింగుల నౌకరీలు పెట్టిస్తున్నరా?" అన్నాడు.

"రాళ్లు చూపెట్టనీకి తీస్కపోతున్నం," అన్నారు యాదగిరి సారు.

"బోరబండల రాళ్లు లేవా సారూ?"

నాకు నవ్వాగలేదు.

నిజానికి పిల్లలు హుషారుగా వచ్చింది అద్దాల మేడ కోసమే. దాన్ని తనివితీరా చూసి, ఇంకో బస్సులో కొండాపూర్ దారి పట్టాం. అక్కడ నీడ లేదు, హోటలూ లేదు. వెళ్లేవాళ్లు నీళ్లు, పులిహోర వెంట తీసుకెళ్లండి. మేం తినడం అయ్యాక సారు అందరినీ ఒక పెద్ద రాతి గుండు ముందు నిలబెట్టారు. అది నిలువునా పగిలి ఉంది, పగుల్లో రావి మొక్క.

"ఎందుకు పగిలింది?" అని అడిగాను.

"పీఎస్ ప్రశ్ననా టీచర్, ఎన్‌ఎస్ ప్రశ్ననా?" అంది సబిత, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల. పీఎస్ అంటే సారు పేపరు, ఎన్‌ఎస్ నాది. మేడం నావైపు చూశారు. ఆవిడ అన్న 'కలగాపులగం' గుర్తొచ్చింది.

"పేపరు సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. రాయి మీద చెయ్యి పెట్టు," అన్నారు సారు.

ఎండ వైపు చురుక్కుమంది, నీడ వైపు చల్లగా ఉంది. సబిత రెండు వైపులా తడిమి, "ఎండకు జర పెరుగుతది, రాత్రి తగ్గుతది. రోజూ గిట్లనే అయితే చీలుతది," అంది.

"దాంట్లకు వాన నీళ్లు పోతయి, మట్టి చేరుతది," అన్నాడు వెనక నుంచి ఒకడు.

"పిట్ట రెట్టల గింజ పడుతది."

"వేరు లావైతే చీలిక ఇంక పెద్దగయితది."

ఇక వాళ్లను ఆపడం మా వల్ల కాలేదు. ఏ ముక్క ఎవరి పేపరులోదో ఒక్కరూ అడగలేదు. నాకు గంతులేయాలనిపించింది. యాదగిరి సారు మీసం దువ్వుకున్నారు.

తిరుగు బస్సు నాలుగున్నరకు దొరికింది. మేడం నా పక్కనే కూర్చున్నారు. కిటికీ బయట, గుండ్లు పేల్చి చదును చేస్తున్న ఒకప్పటి పొలాలు వరసగా కనిపిస్తున్నాయి. ముందు సీట్లోంచి సబిత వెనక్కి తిరిగింది.

"చెట్టు ఏండ్లకేండ్లు చీల్చే రాయిని వీళ్లు ఒక్క దినంల పేలుస్తున్నరు. మరి ఈడ ఎవుసం చేసెటోళ్లు యాడికి పోయిన్రు టీచర్?"

అది మా ఇద్దరి సైన్సులోనూ లేదు.

"వచ్చే శనివారం చెబుతానమ్మా," అన్నారు మేడం. తర్వాత మావైపు తిరిగారు. "రెండు పీరియడ్లు చాలవండీ. నా సోషల్ కూడా కలిపేయండి."