జిగురు పెట్టిన టీ పాట్

మా రేపల్లె బడిలో ఆయాగా పనిచేసే మస్తాన్ బీ నోట గట్టి మాట వినాలంటే, ఏ పిల్లాడో గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తాలి. అలాంటి మనిషి పోయిన వార్షికోత్సవం నాడు కరెస్పాండెంటు గారి ముందు నిలబడి అరిచింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నేను ప్రార్థన కూడా చేయలేదు. దేవుడు నన్ను మన్నించాలి.

గొడవంతా ఒక పింగాణీ టీ పాట్ గురించి. దాని చుట్టూ పిల్లల కథల బొమ్మలుంటాయి: మొసలి వీపు మీద కోతి, సింహానికి బావి చూపిస్తున్న కుందేలు, కర్ర కరుచుకుని ఎగిరే తాబేలు. బడి పెట్టిన స్టెల్లా టీచర్ చివరి రోజుల్లో దాన్ని మస్తాన్ బీ చేతికిచ్చి, “అలమరలో పెట్టొద్దమ్మా, పిల్లలకు పాలు పొయ్యి” అంది. మస్తాన్ బీ అప్పటికి టైలర్ భర్త అబ్దుల్ షుకూర్ పోయి, పనిలో కొత్తగా చేరిన మనిషి. చదువు రాదు. ఆ బొమ్మలే ఆమె పాఠాలు.

పొద్దున్నే అందులో గోరువెచ్చని పాలు పోసి, బల్ల మీద మెల్లగా తిప్పేది. ఆగినప్పుడు ఏ పిల్ల ఎదురుగా ఏ బొమ్మ ఉంటే ఆ పిల్లకు ఆ కథ. కథ అయ్యేసరికి గ్లాసు ఖాళీ. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చే నాగజ్యోతి, మొసలి వస్తే రెండో గ్లాసు కూడా తాగేది. రంజాన్ ఉపవాసాల్లోనూ ఆమె ఈ పని మానలేదు. “రత్నం టీచరూ, చక్కెర సరిపోయిందేమో కాస్త చూసి చెప్పమ్మా” అని నాకు చెంచా అందించేది.

స్టెల్లా టీచర్ పోయాక బడిని తెనాలి నుంచి వచ్చిన వినయ్ కుమార్ గారు తీసుకుని, కరెస్పాండెంటు అయ్యారు. పాట్ చూసి మురిసిపోయారు. ఆఫీసులో అద్దాల పెట్టె చేయించి, లైటు పెట్టి, తాళం వేశారు. పిల్లలకు ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. నాగజ్యోతి పాలు ముట్టడం మానేసింది. మస్తాన్ బీ వెళ్లి అడిగింది.

“అది యాంటిక్, మస్తాన్ బీ. పగిలితే మళ్లీ దొరకదు.”

“ఇన్నేళ్లు నా చేతిలో పగల్లేదు కదండి?”

“సరే, వార్షికోత్సవం రోజు తీసిస్తాలే.”

ఆ మాట నమ్మి, ఆ రోజు గిన్నెడు పాలు కాచింది. తల్లిదండ్రులందరూ చూస్తుండగా ఆయన పాట్ తీసి ఇచ్చారు. ఆమె మూత లాగింది. రాలేదు. తిప్పింది. రాలేదు.

“మూత కిందపడి పగులుతుందని జిగురు పెట్టించాను,” అన్నారాయన, ఎంతో జాగ్రత్తపడ్డ మనిషిలా. “ఫొటోకి చాలు. పాలు పోస్తున్నట్టు వంచు.”

“ఖాళీది వంచాలా?” ఆమె గొంతు వీధిలోకి వినిపించింది. “ఏంటి బాబూ ఇది? కడుపు మాడే పిల్లల ముందు ఉత్త పాట్ వంచి నవ్వమంటారా? స్టెల్లమ్మ దీన్ని పిల్లల కోసం ఇచ్చింది, మీ ఫొటో కోసం కాదు! దీని మూతికి పెట్టిన జిగురు పిల్లల మూతులకూ పెట్టేయండి. బడి చల్లగా ఉంటుంది!”

“నెమ్మది, నెమ్మది. పేరెంట్స్ ఉన్నారు.”

“ఉండనివ్వండి. వాళ్లు వినాలనే అరుస్తున్నా!”

వెనక వరసలోంచి నాగజ్యోతి అమ్మమ్మ కోటేశ్వరమ్మ, “నువ్వు కానియ్ వదినా!” అంది.

మస్తాన్ బీ పాట్‌ను చంకనెత్తుకుని వంటగదికి పోయింది. వేడినీళ్ల గిన్నెలో మూత మునిగేలా తలకిందులుగా పెట్టింది. పిల్లలు చుట్టూ చేరారు. బయట మైకులో ఆయన ఉపన్యాసం, లోపల ఈమె తిట్లు. చాలాసేపటికి మూత ఊడింది. దాంతోపాటు ఒక పెచ్చు లేచి, తాబేలు కర్ర సగం పోయింది. ఆ పెచ్చును చేతిలోకి తీసుకున్నప్పుడే ఆమె కళ్లు తడిశాయి. అంతవరకూ కోపమే. జిగురంతా గోకి, చింతపండుతో తోమి, పాలు పోసి తిప్పింది.

నాగజ్యోతికి తాబేలు వచ్చింది.

“మిగతా కర్రేదీ?” అంది పిల్ల.

“సారు తీసేశారు. అయినా ఎగురుతుంది, చూడు” అని కథ మొదలుపెట్టింది. గ్లాసు ఖాళీ అయింది.

తల్లిదండ్రులందరూ చూశారు కాబట్టి ఆయన తిరిగి అడగలేకపోయారు; అప్పటి నుంచి పాట్ మస్తాన్ బీ ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్నే తువ్వాలులో చుట్టి తెస్తుంది, బడి వదిలాక తీసుకుపోతుంది. అద్దాల పెట్టెలో లైటు మాత్రం ఉత్తినే వెలుగుతోంది. వినయ్ కుమార్ గారు వస్తే లేచి సలాం చెబుతుంది. మునుపైతే ఆయనకు టీ పెట్టి ఇచ్చేది. ఇప్పుడు కారు దగ్గర నిలబడ్డ డ్రైవర్ ప్రకాశాన్ని “రా నాయనా” అని పిలిచి, సారు చూస్తుండగానే, గ్లాసు నిండా టీ పోస్తుంది.